మాట – తలపు – చేత

మన పెద్దలు మనస్సు, వాక్కు, కాయము అను మూటిని త్రికరణములనిరి. తలచినది పలుకుట, పలికినది చేయుట త్రికరణశుద్ధి యని కొనియాడిరి. ఈ మూడును ఒక్కటి కావలెనని కోరుటలోనే ఇవి సహజముగా వేర్వేరు వస్తువులను భావము కొంత ఇమిడియున్నది. తలపు లోపలిది, మాట నోటిది, చేత చేతులది యని మనము సామాన్యముగా అనుకొందుము. అయితే ఈ మూటికిని మూలస్థానమైన మెదడును పరిశీలించిన శాస్త్రజ్ఞులు చెప్పు సంగతి వేరుగా నున్నది. అచ్చట మాటకు, తలపునకు, చేతకు నడుమ ఎత్తైన గోడలు లేవు. కొన్ని గదులు మాటకే ప్రత్యేకములు. కొన్ని మూటికిని ఉమ్మడివి. ప్రత్యేకమైన గదులకును పొరుగింటితో రాకపోకలు తప్పవు. ఈ ఇరుగుపొరుగు సంబంధమెట్టిది, దానిని తెలిసికొనుటవలన మన యిండ్లలో కలుగు ప్రయోజనమేమి యను విషయమును ఇప్పుడు విచారింతము.

ఈ శాస్త్రమునకు నాంది 1861వ సంవత్సరమున పారిసు నగర సమీపమందలి బిసేత్రు ఆసుపత్రిలో జరిగినది. అచ్చట లెబోర్న్ అను రోగి 21 సంవత్సరములుగా నుండెను. ఏమడిగినను అతని నోట ‘తన్, తన్’ అను ధ్వని తప్ప వేరొకటి వెలువడెడిది కాదు. కాలక్రమమున అతని కుడిచేయి, కుడికాలు కూడ చచ్చుపడెను. పాల్ బ్రోకా అను శస్త్రవైద్యుడు అతనిని పరీక్షించి, ‘ఎన్నేండ్ల నుండి ఇచ్చట నున్నావు?’ అని ప్రశ్నించెను. మాటలేని ఆ మనుష్యుడు తన యెడమచేతి అయిదువ్రేళ్లను నాలుగుమారులు విప్పిచూపి, పిదప ఒక్క వ్రేలిని ఎత్తెను. ఇరువదియొకటి! లెక్క సరిపోయినది. నోరు పడిపోయినను ప్రశ్న అర్థమైనది, కాలగణనము జరిగినది, చేయి సమాధానము చెప్పినది.

కొలదిదినములకే లెబోర్న్ మరణింపగా బ్రోకా అతని మెదడును పరీక్షించెను. ఎడమ అర్ధభాగమున, నుదుటికి వెనుక, కణతకు కొంచెము పైన నుండు చోట చెడిపోయిన భాగమాయనకు కనబడినది. నాటినుండి ఆ చోటికి బ్రోకా ప్రదేశమని పేరు వచ్చినది. తరువాత 1874లో జర్మనీ వైద్యుడు కార్ల్ వెర్నికే, చెవికి వెనుకవైపున నుండు మరియొక భాగము చెడినచో రోగి ధారాళముగా మాటలాడునే కాని ఆ మాటలకు పొందిక యుండదనియు, ఇతరుల మాట అతనికి బోధపడదనియు నిరూపించెను. మాటను కూర్చుట ముందుగది పని, మాటను గ్రహించుట వెనుకగది పని అను చక్కని పటము వైద్యగ్రంథములకెక్కి నూరేండ్లకు పైగా చెల్లుబడియైనది.

పటము చక్కనిదే కాని, అందులో ఒక చిక్కు కలదు. మన యింటిలోని రేడియోపెట్టెలో చిన్నభాగమొకటి చెడినదనుకొందము. పాట ఆగిపోవును. అంతమాత్రమున పాట ఆ చిన్నభాగములో నివసించుచుండెనని మనము చెప్పగలమా? ఆ భాగము పాటకు అవసరమని మాత్రమే చెప్పగలము. అదే భాగము పాటకు, వార్తలకు, నాటకమునకు సమానముగా పనిచేయుచుండవచ్చును. మెదడు విషయమును ఇట్టిదే. 2007లో లెబోర్న్ మెదడును ఆధునిక యంత్రములతో మరల పరీక్షింపగా దెబ్బ పైపొరలోనే గాక చాల లోతునకు, దూరభాగములను కలుపు నరపుదారులవరకు పోయినట్లు తేలినది. మాట పోవుటకు ఒక్క గది కూలుట మాత్రమే కాదు, వీధులు తెగుటయు కారణమైనది.

ఇరువదవ శతాబ్ది చివర నుండి, బ్రతికియున్న మనుష్యుని మెదడులో ఏ పని చేయునపుడు ఏ భాగమునకు రక్తప్రసారము హెచ్చునో బయటనుండియే చూపు యంత్రములు వచ్చినవి. వానితో చూడగా బ్రోకా ప్రదేశమును దాని పరిసరములును మాటలాడునపుడే గాక మరికొన్ని సమయములందును మేల్కొనుచుండుట కనబడినది. చేతితో క్రమము తప్పక పనిచేయునపుడు, ఇతరుల చేతిపనిని గమనించునపుడు, సంగీతమున స్వరముల పొందికను కనిపెట్టునపుడు, పెదవి కదలక లోలోపల మాటలాడుకొనునపుడు ఆ పరిసరములు పనిలో నుండును.

దీనిని మన ప్రాంతమునుండియే ఒక ఉదాహరణముతో చూతము. శ్రీరామసాగర జలాశయమునకు చేరువనున్న మెండోరయు, దాని చుట్టుప్రక్కల పల్లెలును పసుపునకును ఎఱ్ఱజొన్నకును పేరుపొందిన సీమలోనివి. ఈ జిల్లా పల్లెలలో స్త్రీలు బీడీలు చేయుట అందరికి తెలిసిన దృశ్యమే. ఒడిలో చాట. నానబెట్టిన తునికాకును రేకు అచ్చుపై పెట్టి కత్తెరతో కత్తిరింపవలెను, అందులో తంబాకు పోయవలెను, చుట్టవలెను, కొన మడువవలెను, దారము కట్టవలెను, ఇరువదియైదు చేరగానే కట్ట కట్టవలెను. ఇందు ఒక పని మరియొక పనిలో ఇమిడియున్నది. ఆకు కోయుట అను పెద్దపనిలో అచ్చు పెట్టుట, కత్తెర త్రిప్పుట అను చిన్నపనులు కలవు. వరుస తప్పినచో బీడీ చెడును.

ఇప్పుడొక వాక్యమును చూడుడు: ‘నిన్న అన్న అంగడినుండి తెచ్చిన సంచిలోని పసుపును వదిన వాకిట ఎండబోసినది.’ ఇందు ‘అన్న అంగడినుండి తెచ్చిన’ అను చిన్నవాక్యము సంచికి అంటుకొనియున్నది. సంచి పసుపునకు అంటుకొనియున్నది. పసుపేమైనదో తెలియుటకు చివరనున్న క్రియవరకు వేచియుండవలెను. అంతవరకు విన్న పదములనన్నిటిని మనస్సు జారిపోనీక పట్టుకొనియుండవలెను. ఒకదానిలో నొకటి ఇమిడిన అంశములను వరుసలో పేర్చుట, ముగింపువరకు నిలిపియుంచుట, తుదకు ఒక కట్టగా కట్టుట అనునవి బీడీకిని వాక్యమునకును సమానములే. ఈ పేర్పునకు తోడ్పడు యంత్రాంగము మెదడులో కొంతవరకు ఉమ్మడిగా నున్నదని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఆదిమమానవుల రాతిగొడ్డండ్లను నేటివారిచే చెక్కించి పరిశీలించినపుడు బ్రోకా ప్రదేశమునకు కుడివైపున సరిజోడుగా నున్న భాగము పనిచేయుట కనబడినది. చేతిపని నేర్పే మాట నేర్పునకు బాటవేసినదేమో యను ఊహకు ఇది బలమిచ్చినది.

మాటకును చేతకును గల బంధుత్వమునకు మరియొక సాక్ష్యము కలదు. 2004లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో కొందరు పరిశోధకులు ‘నాకు’, ‘ఏరు’, ‘తన్ను’ అను అర్థములు గల ఇంగ్లీషు క్రియాపదములను ఇచ్చి, కదలక పరుండిన మనుష్యులచే చదివించిరి. వారి చేతులుగాని కాళ్లుగాని కదలలేదు. అయినను మొదటి పదమునకు నాలుకను కదిలించు భాగమునకు చేరువను, రెండవదానికి వ్రేళ్లను కదిలించు భాగమునకు చేరువను, మూడవదానికి కాలిని కదిలించు భాగమునకు చేరువను మెదడు స్పందించినది. ఇటలీలోని పార్మా నగరమున జాకొమో రిజోలాత్తియు ఆయన సహచరులును 1990వ దశకమున కోతుల మెదడులో ఒక వింతను కనుగొనిరి. కోతి తాను పలుకును పట్టునపుడును, వేరొకరు పట్టుట చూచునపుడును ఒకే నాడీకణములు పనిచేసినవి. ఆ భాగము మన బ్రోకా ప్రదేశమునకు సరిపోలినదని పలువురు భావింతురు. మాట పుట్టుకకు ఇదియే మూలమా యనుదానిపై మాత్రము పండితులలో నేటికిని వాదము కలదు.

ఇక తలపు సంగతి. మార్కెటు యార్డులో పసుపుబస్తాల తూకము మనస్సున నిలుపుకొనుటకు మనము ఏమి చేయుదుము? ఆ అంకెలను లోలోన మరల మరల అనుకొందుము. ఇంటినుండి బయలుదేరునపుడు ‘ముందు బ్యాంకు, తరువాత మందుల దుకాణము, తరువాత బస్సు’ అని మనలో మనమే చెప్పుకొందుము. ఈ లోపలిమాటకు బయటి మాటకు ఉపయోగించు యంత్రాంగమే చాలవరకు ఉపయోగపడును. రష్యా దేశపు మనస్తత్త్వవేత్త విగోత్స్కీ, పసిబిడ్డలు ఆటలో పైకి మాటలాడుకొను మాటలే క్రమముగా లోపలికి పోయి వారి చేతలను నడపు ఆలోచనలగునని 1934లో వెలువడిన గ్రంథమున ప్రతిపాదించెను. ‘ఇది ఇచ్చట పెట్టవలెను, అది అచ్చట పెట్టవలెను’ అని గొణుగుచు బొమ్మరిల్లు కట్టు బిడ్డను మనమందరము చూచినవారమే. ఆ గొణుగుడు వృథా కాదు. మాట చేతకు దారిచూపుచున్నదన్నమాట.

అట్లని మాటయే తలపు అని నిర్ణయించుటయు తొందరపాటగును. ఇంగ్లండులో రోజ్మేరీ వార్లీయు ఆమె సహచరులును 2005లో ముగ్గురు రోగులను గూర్చి ప్రకటించిరి. ఎడమమెదడు తీవ్రముగా దెబ్బతినుటచే వారు, మనుష్యుడు సింహమును చంపుటకును సింహము మనుష్యుని చంపుటకును వాక్యములలోగల భేదమును గుర్తింపలేకుండిరి. అయినను కుండలీకరణములతో కూడిన లెక్కలను సరిగా చేసిరి. మాటకు వ్యాకరణము పోయినను లెక్కకు వ్యాకరణము మిగిలినది! ఈ చిక్కును విప్పుటకు అమెరికాలో ఎవెలీనా ఫెదరెంకో మున్నగువారు 2012లో జరిపిన పరిశోధన సహాయపడినది. బ్రోకా ప్రదేశమని మనము ఒకే పేరుతో పిలుచు చోట రెండు విధములైన ముక్కలు ప్రక్కప్రక్కన నున్నవని వారు చూపిరి. ఒకటి మాటకే అంకితమైనది. రెండవది లెక్క, జ్ఞాపకము, కష్టమైన ఏ పనియైనను సరే, అన్నిటికిని చేయూత నిచ్చునది. ఒకే కప్పు క్రింద రెండు కుటుంబములు కాపురమున్నట్లు ఇవి యున్నవి. పొయ్యిలు వేరైనను వాకిలి ఒక్కటే.

ఇంతవరకు చెప్పినది దూరదేశముల మాట. దీనికి సరియైన నిదర్శనము మన రాష్ట్రముననే లభించినది. మన ప్రాంతమున ఒక్క భాషతో జీవితము గడుపువారు తక్కువ. ఇంట తెలుగు, అంగడిలో దక్కనీ ఉర్దూ, బోధను దాటినచో మరాఠీ, తండాలలో లంబాడీ, గల్ఫు దేశములకు పోయి వచ్చినవారి నోట హిందీ, కొంత అరబ్బీ. 1937లో స్థాపితమై 2015లో మూతపడిన బోధను నిజాం చక్కెర కర్మాగారమును పలుభాషల సీమలోనే నడచినది. ఒకరితో నొక భాష, వేరొకరితో వేరొక భాష మాటలాడుట మనకు ఊపిరి తీయుటవలె సహజము. కాని మెదడునకు అది ఊరక జరుగు పని కాదు. రెండు భాషలు తెలిసినవాడు ఒక భాషలో మాటలాడుచున్నంతసేపు రెండవ భాష లోపల మేల్కొనియే యుండును. దానిని అదుపులో నుంచి, అవసరమైన క్షణమున పైకి పిలువవలెను. ఈ అదుపు చేయు భాగములు భాషకు మాత్రమే పరిమితమైనవి కావు. దృష్టిని నిలుపుటకు, ఒక పనినుండి మరియొక పనికి మరలుటకు ఉపయోగపడునవే.

హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో, అనగా మనము నిమ్స్ అని పిలుచు ఆసుపత్రిలో, డాక్టర్ సువర్ణ అల్లాడి యు ఆమె సహచరులును ఈ విషయమును పరిశీలించిరి. వార్ధక్యమున జ్ఞాపకమును వివేకమును హరించు మతిమరపు వ్యాధి గల 648 మంది వివరములను వారు తీసికొనిరి. వారిలో 391 మంది రెండుగాని అంతకుమించిగాని భాషలు మాటలాడువారు. ఒక్క భాషయే తెలిసినవారికంటె వీరికి వ్యాధిలక్షణములు సగటున నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా కనబడినట్లు 2013లో ప్రకటించిరి. చదువుకొన్నవారగుటచే ఇట్లు జరిగినదేమో యను సందేహము కలుగుట సహజము. కాని అక్షరము రానివారిలోను ఈ భేదము కనబడినది. విదేశములలో ఇట్టి పరిశోధనలకు వలసవచ్చినవారు, చదువరులు అను చిక్కులు అడ్డుపడుచుండగా, తరతరములుగా పలుభాషల నడుమ బ్రతికిన హైదరాబాదు ప్రజలు ఆ చిక్కును కొంత తొలగించిరి.

అంతకంటె ఆశ్చర్యకరమైనది 2016లో వెలువడిన రెండవ పరిశోధన. పక్షవాతము వచ్చిన 608 మందిని పరిశీలింపగా, వ్యాధి తరువాత బుద్ధిశక్తులు చెడక నిలిచినవారు బహుభాషీయులలో నూటికి 40 మంది, ఏకభాషీయులలో నూటికి 20 మంది చొప్పున తేలిరి. మరి మాట పడిపోయినవారి సంఖ్య? అది రెండు వర్గములలోను ఇంచుమించు సమానమే, నూటికి పది పన్నెండుగురు! ఈ సంగతిని నిదానముగా ఆలోచింపవలెను. భాషలెక్కువ వచ్చుటచే రక్షణ పొందినది భాష కాదు, ఆలోచన. మాట చేసిన సాధనకు ఫలము పొరుగింటికి దక్కినది. మాటకు సంబంధించిన సాధన తలపునకు బలమగునను మాటకు ఇంతకంటె దగ్గరి నిదర్శనము వేరొకటి కావలయునా?

అయినను ఒక హెచ్చరిక చేయుట మా విధి. పలుభాషలు నేర్చినవారికి మతిమరపు రాదని ఈ పరిశోధనలు చెప్పలేదు. ఆలస్యముగా వచ్చుట కనబడినదని మాత్రమే చెప్పినవి. ఇతర దేశములలోని కొన్ని పరిశోధనలలో ఇట్టి భేదము కనబడలేదు. రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట వంటి కారణములను అదుపులో నుంచకుండ భాషలపై భారము వేయుట తగదు.

ఈ జ్ఞానమువలన మన యింటికి కలుగు ప్రయోజనము మూడు విధములు.

మొదటిది ప్రాణమునకు సంబంధించినది. ఇంటిలో నెవరికైనను హఠాత్తుగా మాట తడబడినను, మూతి ఒకప్రక్కకు పోయినను, ఒక చేయి ఎత్తలేకపోయినను అది మెదడునకు రక్తము అందని సూచనగా భావింపవలెను. కుడిచేతి వాటము గలవారిలో మాటకు సంబంధించిన భాగములు సామాన్యముగా ఎడమవైపున నుండుటచే, మాటయు కుడిచేయియు కలిసి పడిపోవుట తరచు జరుగును. ఇవి గాలి సోకుటయో, దృష్టి తగులుటయో కావు. రక్తపుగడ్డను కరగించు మందు సామాన్యముగా లక్షణములు కనబడిన నాలుగున్నర గంటల లోపలనే ఇయ్యవలసియున్నది. కావున తెల్లవారనిమ్మని ఎదురుచూడక, ఆకుపసరుల జోలికి పోక, వెంటనే 108కి ఫోనుచేసి, మెదడును చిత్రముతీయు యంత్రము గల ఆసుపత్రికి చేర్పవలెను. లక్షణములు మొదలైన గడియను వ్రాసియుంచుకొని వైద్యునకు చెప్పుట మిక్కిలి ముఖ్యము.

రెండవది మర్యాదకు సంబంధించినది. మాట పడిపోయిన తాతగారినిగాని అమ్మమ్మనుగాని ‘ఇంక వీరికేమియు తెలియదు’ అని ఒక మూల కూర్చుండబెట్టుట మన యిండ్లలో జరుగుచున్నది. పొలముపంపకము, పెండ్లిమాటలు వారి యెదుటనే, వారిని అడుగకయే సాగిపోవును. లెబోర్న్ చేతివ్రేళ్లను మనము ఇచ్చట జ్ఞాపకము తెచ్చుకొనవలెను. నోరు మూగపడినను లోపల లెక్క సరిగా నడచుచుండవచ్చును. అట్టివారితో చిన్నచిన్న వాక్యములలో, నిదానముగా మాటలాడవలెను. అవును కాదులతో సమాధానము చెప్పగల ప్రశ్నలు వేయవలెను. చేసైగను, బొమ్మను, వస్తువును చూపవలెను. సమాధానమునకు కొంచెము కాలమియ్యవలెను. చేతికి పని తెలిసియుండును గనుక చిక్కుళ్లు ఒలుచుట, ధాన్యము చెరుగుట వంటి అలవాటుపడిన పనులలో వారిని కలుపుకొనవలెను. కొందరు మాటలాడలేకపోయినను చిన్ననాటి పాటను పదములతో సహా పాడగలుగుదురు. ఈ శక్తి ఆధారముగా, రాగము తీయుచు మాట నేర్పు చికిత్సను 1973 నుండి వైద్యులు ప్రచారములోనికి తెచ్చిరి. ఇది అందరికి ఫలింపదు. అయినను వాక్చికిత్సకుని సలహాతో సాధన చేయించుట వదలరాదు. నెలలు గడచిన పిదప గూడ మాట కొంత కోలుకొనుట కలదు.

మూడవది పిల్లలకు సంబంధించినది. ఇంటిలో తెలుగు, వీధిలో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు విని బిడ్డకు మతి చెదరునని కొందరు తల్లిదండ్రులు భయపడి ఇంటిభాషను మాన్పించుచున్నారు. ఈ భయమునకు ఆధారము లేదు. బిడ్డ కొన్నాళ్లు రెండు భాషల పదములను కలిపి పలికినను కాలక్రమమున ఏది ఎవరితో పలుకవలెనో తానే తెలిసికొనును. అవ్వ చెప్పు కథ, పొరుగింటి సాయెబుగారి పలుకరింపు, తండావారి సంతమాట, ఇవన్నియు ఆ బిడ్డకు వెల యియ్యక దొరకు వ్యాయామములు. అట్లే చేతిపనిని కూడ చదువునకు అడ్డుగా తలపరాదు. మట్టితో బొమ్మ చేయుచు దానిని గూర్చి చెప్పనిచ్చుట, వంట చేయుచు వరుస చెప్పించుట, అష్టాచెమ్మా ఆడుచు లెక్క పలికించుట, ఈ మూటిలోను మాట, తలపు, చేత ఒకేచోట కలియుచున్నవి.

వృద్ధులకును ఇదియే వర్తించును. రేడియో వినుట మంచిదే. విన్నదానిని గూర్చి ప్రక్కవారితో మాటలాడుట ఇంకను మంచిది. వినుటతో ఆగిన మాట సగముదూరమే నడచినది. దానిని మరల తన మాటలలో చెప్పునపుడు, కాదని వాదించునపుడు, చేతులు త్రిప్పి వివరించునపుడు మెదడులోని ఇరుగుపొరుగువారందరు లేచి పనిలోనికి వత్తురు.

త్రికరణములు ఏకము కావలెనని మన పెద్దలు కోరినది నీతికై. వానికి శరీరములోనే ఒక ఉమ్మడి వాకిలి యున్నదని శాస్త్రము నేడు చూపుచున్నది. ఆ వాకిలి ఊడ్చి శుభ్రముగా నుంచుకొనుట, అందులో నొకరికి కష్టము వచ్చినపుడు మిగిలిన ఇద్దరి తోడు తీసికొనుట మన చేతిలోని పని.